చిప్పు కార్డుల మీద రీట్రాన్స్‌ఫర్ ముద్రణ ఎలా జరుగుతుంది? యంత్రం కొనవచ్చా?

హనుమకొండ కార్డులు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. హనుమకొండలో నయీంనగర్ వైపు మాకు చిన్న ముద్రణ దుకాణం ఉంది. ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికలతో పాటు బడులకూ కళాశాలలకూ గుర్తింపు కార్డులు చేసి ఇస్తాము. మొదట్లో అందరిలాగే ఇంక్‌జెట్ ప్రింటరులో డ్రాగన్ షీటు అనే ప్లాస్టిక్ షీటు మీద ముద్రించి, ఫ్యూజింగ్ మెషీనులో అతికించి, కట్టర్‌తో కోసేవాళ్లము. మూడేళ్ల క్రితం నేరుగా కార్డు మీదే ముద్రించే థర్మల్ కార్డు ప్రింటరు కొన్నాము. మామూలు తెల్ల పీవీసీ కార్డుల మీద అది ఇప్పటికీ చక్కగానే పనిచేస్తుంది.

ఈసారి ఒక కళాశాల వారు హాజరు యంత్రానికి చూపించే చిప్పు కార్డులు 1,200 అడిగారు. ఖాళీ కార్డులు వారే తెచ్చి ఇచ్చారు. చిప్పు పైకి కనిపించదు, లోపల ఉంటుంది. వాటి మీద ముద్రిస్తే ప్రతి కార్డులోనూ ఒకే చోట, సరిగ్గా విద్యార్థి ఫొటో భుజం మీద, రంగు పట్టకుండా శనగగింజంత మచ్చ పాలిపోయి కనిపిస్తోంది. వారి డిజైనులో కాకతీయ తోరణం వెనక ముదురు మెరూన్ రంగు అంచు నుంచి అంచు దాకా ఉంటే, మా యంత్రం చుట్టూ సన్నని తెల్ల గీత వదిలేస్తోంది. ఇవి చాలవన్నట్టు అరవై కార్డులు దాటేసరికి కార్డు పొడవునా ఒక తెల్ల చార రావడం మొదలైంది. హెడ్‌లో, అంటే వేడితో ముద్రించే భాగంలో, ఒక చుక్క కాలిపోయిందని, హెడ్ మొత్తం మార్చవలసిందేనని మెకానిక్ చెప్పారు. దాని ధర విన్న పూట అన్నం సహించలేదు.

డీలరు రీట్రాన్స్‌ఫర్ యంత్రం కొనమంటున్నారు. "క్వాలిటీ బాగుంటుంది సార్" అనడం తప్ప అది ఎలా పనిచేస్తుందో ఆయన విడమరచి చెప్పలేకపోతున్నారు. అప్పు చేసి కొనవలసిన వస్తువు కాబట్టి అసలు అందులో జరిగే పని ఏమిటో, నాకు వచ్చిన ఈ ఇబ్బందులు దానితో నిజంగా పోతాయో, కొత్తగా ఏ ఇబ్బందులు వస్తాయో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సర్వీసు, కరీంనగర్:

మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ మూలం ఒక్కటే. మీ యంత్రంలో హెడ్ వచ్చి కార్డుకు ఒత్తుకుంటుంది. నడుమ ఉండేది పలుచని రిబ్బను మాత్రమే. కార్డు వెడల్పు దాదాపు 54 మిల్లీమీటర్లు. అంగుళానికి 300 చుక్కల హెడ్ అంటే ఆ వెడల్పుకు సుమారు 640 వేడి చుక్కలు ఒకే వరుసలో ఉంటాయి, వాటి కింద నుంచి కార్డు పొడవుగా జరుగుతుంది. రిబ్బను మీద పసుపు, మెజెంటా, సయాన్ పట్టీలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి కాబట్టి కార్డు ఒక్కొక్క రంగుకు ఒక్కొక్కసారి ముందుకూ వెనక్కూ నడుస్తుంది. చుక్క వేడెక్కినప్పుడు అక్కడి రంగు రిబ్బనులోంచి ఆవిరై పీవీసీలోకి ఇంకుతుంది. వేడి ఎక్కువైతే రంగు చిక్కబడుతుంది, తక్కువైతే పలచబడుతుంది. ఫొటోలో ముఖపు ఛాయలు అంత మెత్తగా రావడానికి కారణం ఇదే.

ఇదంతా సరిగ్గా జరగాలంటే ఆ 640 చుక్కలూ ప్రతి క్షణం కార్డును ఆనుకొని ఉండాలి. చిప్పు కార్డు చేతికి నున్నగా తగిలినా నిజానికి సమతలంగా ఉండదు. లోపల రాగి తీగ చుట్టా, చిప్పూ ఉన్న పొరను రెండు ప్లాస్టిక్ పొరల మధ్య ఒత్తి అతికిస్తారు, అందువల్ల చిప్పున్న చోట కంటికి ఆనని మిట్టో పల్లమో మిగిలిపోతుంది. హెడ్ అక్కడ ఆనదు, రంగు ఇంకదు, మీ శనగగింజ మచ్చ వస్తుంది. ఒక కార్డును దీపానికి ఏటవాలుగా పట్టి చూడండి, మచ్చ ఉన్నచోటే వెలుగు వంకర తిరుగుతుంది. ఆ తెల్ల గీత కూడా ఇందులోంచి వచ్చినదే: హెడ్ కార్డు అంచు దాటి దిగితే అంచుకు గీసుకుంటుంది, అందుకే యంత్రమే కొంచెం ముందు ఆగిపోతుంది. చార సంగతి చెప్పనక్కరలేదు. ఒక చుక్క చనిపోతే దాని కింద నడిచే గీత అంతా తెల్లగానే ఉంటుంది. మిట్ట మీద ఒరుసుకొని అరవై కార్డులు నడిచాయి, ఏ గీతలోనో ఒక ఇసుక రేణువు కూడా దొరికి ఉంటుంది.

రీట్రాన్స్‌ఫర్‌లో హెడ్‌కు కార్డు కనిపించదు. యంత్రంలో రిబ్బనుతో పాటు పారదర్శకమైన ఫిల్ము చుట్ట ఇంకొకటి ఉంటుంది. హెడ్ మొదట ఆ ఫిల్ము మీద బొమ్మను, అద్దంలో చూసినట్టు తిరగేసి, ముద్రిస్తుంది. ఫిల్ము ఎప్పుడూ నున్నగా, సమంగా ఉంటుంది కాబట్టి హెడ్‌కు తడబడే అవకాశం లేదు. తరువాత ముద్రించిన ఆ ఫిల్ము ముక్కా కార్డూ ముఖాముఖిగా వేడి రోలరు కిందికి వెళ్తాయి. రోలరు వేడి యంత్రాన్నీ కార్డునూ బట్టి సుమారు 170 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ వరకు పెట్టుకుంటారు. ఆ వేడికీ ఒత్తిడికీ బొమ్మను మోస్తున్న పలుచని పొర కార్డుకు అతుక్కుంటుంది, దానిని మోసుకొచ్చిన గట్టి ఫిల్ము ఊడి వాడిన చుట్టలోకి పోతుంది. చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చే బొమ్మను ముంజేతి మీద తడిపి అంటించుకున్నవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. అక్కడ నీళ్లు చేసే పని ఇక్కడ వేడి చేస్తుంది.

హెడ్ గట్టిది, రోలరు రబ్బరుది. హెడ్ ఆనలేని పల్లంలోకి మెత్తని రోలరు ఒదిగి ఫిల్మును నొక్కగలదు, అందుకే మచ్చ పోతుంది. ఫిల్ము మీద బొమ్మను కార్డు కంటే చుట్టూ కొంచెం పెద్దదిగా ముద్రిస్తారు కాబట్టి రంగు అంచు దాకా వస్తుంది, మిగిలినది ఫిల్ముతోనే వెళ్లిపోతుంది. హెడ్ ఎప్పుడూ ఫిల్ము మీదే నడుస్తుంది కనుక అరుగుదల చాలా తక్కువ. ఇంకొక లాభం కూడా ఉంది. నేరు ముద్రణలో రంగు ఇంకడానికి పై పొర పీవీసీ అయి ఉండాలి, రీట్రాన్స్‌ఫర్‌లో రంగును పట్టుకునేది ఫిల్ము పొరే కాబట్టి పీఈటీ, ఏబీఎస్, పాలికార్బొనేట్ వంటి వేరే ప్లాస్టిక్ కార్డుల మీద కూడా పని చేయవచ్చు. వాటిలో కొన్నింటికి మాత్రం పొర గట్టిగా పట్టడానికి వేరే హీట్‌సీల్ పట్టీ ఉన్న రిబ్బను వేయవలసి వస్తుంది.

పాత ప్రెస్సు, వరంగల్ స్టేషన్ రోడ్డు:

కరీంనగర్ తమ్ముడు చెప్పినది సరిగా ఉంది. నేను అచ్చుపని నేర్చింది సీసపు అక్షరాల కాలంలో, తరువాత ఆఫ్‌సెట్‌కు మారాను, కాబట్టి ఆ వైపు నుంచి ఒక మాట చెబుతాను. సీసపు అక్షరం తిరగేసి ఉంటుంది, కాగితం మీద సుల్టా పడుతుంది. ఆఫ్‌సెట్‌లో ప్లేటు మీద అక్షరం సుల్టాగానే ఉంటుంది, రబ్బరు బ్లాంకెట్ మీద తిరగబడుతుంది, కాగితం మీద మళ్లీ సుల్టా అవుతుంది. నడుమ ఒక రబ్బరు బ్లాంకెట్ పెట్టినందుకే ఆఫ్‌సెట్ గరుకు కాగితం మీద కూడా నిండుగా పడుతుంది. మీ రీట్రాన్స్‌ఫర్‌లో ఫిల్ము చేసే పని సగం అదే.

తిరగేసి ముద్రించడంలో ఇంకొక విశేషం దాగి ఉంది, దానిని డీలర్లు చెప్పరు. బొమ్మ ఫిల్ము పైమొహాన ఉండి, ఆ మొహమే కార్డుకు అతుకుతుంది. అంటే పని పూర్తయ్యాక రంగు కార్డుకూ ఫిల్ము పొరకూ మధ్యలో చిక్కుకొని ఉంటుంది, వేలు తగిలేది రంగుకు కాదు, పొరకు. నేరు ముద్రణలో రంగును కాపాడడానికి చివరన వేసే పలుచని ఓవర్‌లే పట్టీ కొన్నాళ్లకు అరిగిపోతే రంగే బయటపడుతుంది. కార్డును రోజుకు నాలుగుసార్లు రీడరుకు రాసే పిల్లలకు ఈ తేడా రెండో ఏడాదిలో తెలుస్తుంది. ఎవరైనా ఫొటో మార్చాలని పొరను గోకితే బొమ్మ కూడా దానితో చిరిగి వస్తుంది, కాబట్టి మోసం చేసినట్టు ఇట్టే బయటపడుతుంది.

ఇంత మెచ్చుకున్నాను కాబట్టి కొనమంటానని అనుకోవద్దు. మీ దగ్గర ఉన్నది 1,200 కార్డుల ఒకే ఆర్డరు. రీట్రాన్స్‌ఫర్‌లో ప్రతి కార్డుకూ రిబ్బను ఖర్చుతో పాటు ఫిల్ము ఖర్చు కూడా పడుతుంది. రెండు వైపులా ముద్రిస్తే ఫిల్ము రెండు ముక్కలు పోతుంది, వెనక వైపు ఒక్క ఫోన్ నంబరే ఉన్నా ముక్క మొత్తం పోతుంది. వెనక వైపు అందరికీ ఒకటే అయితే దానిని ఆఫ్‌సెట్‌లో ముందుగానే వేయించిన ఖాళీ కార్డులు తెప్పించి, ముందు వైపు పేరూ ఫొటో మాత్రం యంత్రంలో వేయడం నయం. ఏడాదికి ఎన్ని చిప్పు కార్డులు వస్తాయో రాసుకోండి, రిబ్బను ధరను దాని మీద వచ్చే కార్డుల సంఖ్యతో భాగించండి, ఫిల్ముకూ అలాగే చేయండి, దానికి చెడిపోయే కార్డులు కలపండి, అప్పు వడ్డీ కలపండి. లెక్క తేలకపోతే ఈ ఆర్డరును హైదరాబాదులో రీట్రాన్స్‌ఫర్ ఉన్నవారికి పంపి, మీ కమీషను మీరు తీసుకోండి. జూన్, జూలై నెలల్లో మాత్రమే నడిచి మిగతా పది నెలలు గుడ్డ కప్పుకొని కూర్చునే యంత్రాలను ఈ రోడ్డులో చాలా చూశాను.

హనుమకొండ కార్డులు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. పెద్దాయన చెప్పినట్టు లెక్క వేశాను. ఈ కళాశాల ఒక్కటే అయితే గిట్టదు, కానీ ఇంకా మూడు సంస్థలు వచ్చే ఏడాదికి చిప్పు కార్డులు అడుగుతున్నాయి, కాబట్టి తలుపు పూర్తిగా మూయలేకపోతున్నాను. నిన్న ఒక డీలరు దగ్గర మా కార్డులే ఇచ్చి ఇరవై నమూనాలు తీయించాను. మచ్చ లేదు, తెల్ల గీత లేదు, తోరణం మీది మెరూన్ రంగు అంచు దాకా వచ్చింది. అయితే రెండు సంగతులు గమనించాను. కొన్ని కార్డులు కొద్దిగా వంగి, బల్ల మీద పెడితే మూల లేస్తోంది. కొన్నింటి అంచున ఈగ రెక్క లాంటి పలుచని పొర వేలాడుతోంది, గోటితో గీస్తే పోతోంది. ఇవి యంత్రం లోపమా, సర్దుబాటు లోపమా? ఆయన దగ్గర 300, 600 చుక్కల యంత్రాలు రెండూ ఉన్నాయి, 600 యంత్రం ధర చాలా ఎక్కువ చెబుతున్నారు. మాకు అది అవసరమా?

సర్వీసు, కరీంనగర్:

వంపు గురించి మొదట చెబుతాను. పీవీసీ దాదాపు 80 డిగ్రీలకే మెత్తబడడం మొదలవుతుంది, రోలరు దానికి రెట్టింపు వేడి మీద ఉంటుంది. కార్డు దాని కింద ఉండేది కొద్ది సెకన్లే కాబట్టి కరిగిపోదు. అయితే ఒక వైపు నుంచే వేడి తగులుతుంది కనుక చల్లారేటప్పుడు ఆ వైపుకు ముడుచుకుంటుంది. అందుకే ఇలాంటి యంత్రాలలో బయటికి వచ్చే దారిలో కార్డును వెనక్కి వంచి సరిచేసే చిన్న అమరిక ఉంటుంది, దానిని వంపును బట్టి సర్దాలి. కార్డు ఎంచుకోవడంలోనే జాగ్రత్తపడితే ఇంకా మంచిది. పూర్తి పీవీసీ కార్డు బదులు పీవీసీ, పీఈటీ కలిపి చేసిన కాంపోజిట్ కార్డు వేడికి బాగా తట్టుకుంటుంది. కళాశాల వారు తెచ్చిన కార్డులు ఏ రకమో అడిగి తెలుసుకోండి.

అంచున వేలాడే పొర సర్దుబాటు లోపం. వేడి, వేగం, ఫిల్ము ఊడే కోణం, ఈ మూడూ కుదరకపోతే కార్డు అంచు దగ్గర పొర శుభ్రంగా తెగకుండా కొంత అంటుకొని వస్తుంది. వేడిని ఒకేసారి పది డిగ్రీలు మార్చవద్దు. రెండు మూడు డిగ్రీల చొప్పున మార్చి, ప్రతిసారీ అయిదు కార్డులు తీసి చూడండి. వేడి తగ్గితే అంచుల్లో పొర పట్టదు, సెల్లోటేపు అంటించి లాగితే ఊడి వస్తుంది. వేడి పెరిగితే వంపు ఎక్కువవుతుంది. మంచి స్థానం ఈ రెండింటి నడుమ సన్నగా ఉంటుంది, అది కార్డు రకానికి ఒకటిగా మారుతుంది. దొరికిన అంకెను కార్డు పెట్టె మీదే రాసిపెట్టుకోండి.

300కూ 600కూ తేడా చుక్కల సంఖ్యలో మాత్రమే లేదు. 300 చుక్కల యంత్రాలు సాధారణంగా ఆవిరై ఇంకే డై రంగులు వాడతాయి, కాబట్టి ఒక్కొక్క చుక్కలోనే ఛాయలు పలుకుతాయి. ఫార్గో హెచ్‌డీపీ 5000, మాటికా ఎక్స్‌ఐడీ 8300 ఆ తరగతివి. 600 చుక్కల వాటిలో చాలావరకు పిగ్మెంట్ రంగులు ఉంటాయి. అవి ఇంకవు, చుక్క చుక్కగా అతుకుతాయి, ఛాయను చుక్కల పరిమాణంతోనూ దట్టంతోనూ చూపించాలి. అందుకే వాటికి అన్ని చుక్కలు అవసరమయ్యాయి. సూక్ష్మాక్షరాలు, సన్నని తెలుగు ఒత్తులు, గుణింతాలు 600లో స్పష్టంగా వస్తాయి, ఎండకు పిగ్మెంట్ రంగు త్వరగా వెలవెలబోదు. విద్యార్థి కార్డుకు 300 చాలు. గనుల్లో, ఆరుబయట పనిచేసేవారి కార్డులు చేయాలనుకుంటే మాత్రం 600 గురించి ఆలోచించండి.

మరొక జాగ్రత్త. ఇప్పుడు మీ చిప్పు లోపల ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. బంగారు రంగు పలక పైకి కనిపించే చిప్పు కార్డులు వస్తే ఆ పలక మీద ఫిల్ము పొర పడకూడదు, పడితే రీడరుకు తాకదు. అలాంటి చోట్ల పొర అతుకకుండా ముందే తీసివేసే ఇన్‌హిబిట్ పట్టీ ఉన్న రిబ్బన్లు దొరుకుతాయి. సంతకం పట్టీకీ, వెనక నల్ల అయస్కాంత పట్టీకీ అదే ఉపాయం.

లైబ్రరీ కౌంటరు:

నేను ముద్రణ వ్యాపారంలో లేను. ఒక కళాశాల గ్రంథాలయంలో రోజూ ఈ కార్డులను చేతిలోకి తీసుకునే ఉద్యోగిని. పుచ్చుకునే వైపు నుంచి నాకు తెలిసినవి చెబుతాను.

మొదటిది నలుపు. పసుపు, మెజెంటా, సయాన్ మూడూ కలిపి తయారుచేసిన నలుపు కంటికి నల్లగానే ఉంటుంది, కానీ పరారుణ కాంతితో చదివే స్కానరుకు ఆ గీతలు కనిపించవు. బార్‌కోడును రిబ్బనులోని అసలు నలుపు పట్టీతో, అంటే కార్బన్ ఉన్న నలుపుతోనే వేయించాలి. మాకు ఒకసారి నాలుగు వందల కార్డులు వచ్చాయి, చూపుకు ముచ్చటగా ఉన్నాయి, స్కానరు ఒక్కటీ చదవలేదు. ఆ సెమిస్టరంతా నంబర్లు చేత్తో కొట్టుకున్నాము.

రెండవది కవరు. డై రంగుతో చేసిన కార్డును మెత్తటి పారదర్శక ప్లాస్టిక్ కవరులో పెట్టి ఏడాది వాడితే, ఆ కవరును మెత్తగా ఉంచే పదార్థం రంగును లాగేస్తుంది. విద్యార్థి ముఖం కవరు మీదికి దిగి, కార్డు మీద పలచబడుతుంది. మధ్యలో ఫిల్ము పొర ఉంటే ఇది బాగా తగ్గుతుంది, అయినా నేను గట్టి హోల్డర్లే అడగమంటాను.

మూడవది అన్నింటికంటే ముఖ్యం, ముద్రణ నాణ్యతతో దానికి సంబంధం లేదు. చిప్పుకు దాని సొంత నంబరు ఒకటి ఉంటుంది. ఆ నంబరూ, పైన ముద్రించిన పేరూ ఒకే విద్యార్థివి కావాలి. వరుసగా పెట్టి ముద్రిస్తే ఎక్కడో ఒక కార్డు ఇరుక్కుంటుంది, దానిని తీసి పక్కన పెడతారు, అక్కడి నుంచి వరుస ఒక అంకె జరుగుతుంది. మా దగ్గర ముప్పై మందికి పైగా విద్యార్థుల హాజరు పక్కవారి పేరు మీద పడింది, తెలియడానికి మూడు వారాలు పట్టింది. యంత్రంలోనే రీడరు ఉండి, ముద్రించే ముందు చిప్పు నంబరు చదివి, ఆ విద్యార్థి వరుసలో రాసుకునే ఏర్పాటు ఉంటేనే కొనండి. లేకపోతే ముద్రించిన ప్రతి కార్డునూ బల్ల మీది రీడరుకు చూపించి సరిచూడండి, 1,200 అయినా సరే.

చివరగా వాడిన రిబ్బను. దాని నలుపు పట్టీని వెలుగుకు పట్టి చూడండి. ప్రతి విద్యార్థి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, అక్షరం ఊడిన చోట ఖాళీగా, హాయిగా చదవవచ్చు. రంగు పట్టీల మీద ఫొటోలు కూడా నెగటివ్‌లలా ఉంటాయి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది, కార్డు ఎవరు చేసినా ఆ సమాచారం కళాశాల నమ్మి ఇచ్చినది.

హనుమకొండ కార్డులు:

లైబ్రరీ వారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు, చిప్పు నంబరు సంగతి నా తలలోకే రాలేదు. ఈ 1,200 కార్డులను హైదరాబాదుకు పంపుతున్నాను, పీవీసీ, పీఈటీ కార్డుల సంగతి కళాశాల వారికి చెప్పాను, నంబర్లు సరిచూసే పని మాత్రం మా దుకాణంలోనే చేస్తాము. మిగతా మూడు సంస్థలు రాతపూర్వకంగా ఆర్డరు ఇస్తే జనవరిలో 300 చుక్కల యంత్రం, లోపల రీడరు ఉన్నదే తీసుకుంటాను.

రిబ్బను గురించి చదివాక లేచి వెళ్లి దుకాణం వెనక చూశాను. మూడేళ్లవి, సుమారు నలభై చుట్టలు, చెత్త బండికి వేయడానికి మూట కట్టి ఉన్నాయి. ఒకటి విప్పి ట్యూబులైటుకు పట్టాను. నా మేనకోడలి పేరే కనిపించింది. ప్రస్తుతానికి మూటను లోపల పెట్టి తాళం వేశాను. వీటిని కత్తిరించడానికి మామూలు కాగితం ష్రెడర్ పనికివస్తుందా, చుట్టుకుపోతుందా?

పాత ప్రెస్సు, వరంగల్ స్టేషన్ రోడ్డు:

చుట్టుకుపోతుంది. చుట్టను విప్పకుండా మా దగ్గరికి తీసుకురండి, పేపరు కోసే కటింగ్ మెషీను ఉంది. ఇరుసు తీసేసి, చుట్టను అడ్డంగా పెట్టి పది ముక్కలు చేస్తే ఎవరి పేరూ మిగలదు. ఆదివారం ఖాళీగా ఉంటాను.